అరువు నగ

సాయంత్రం వన్ గ్రామ్ గోల్డ్ షాపులో నా పక్కనే ఒకావిడ హారాన్ని తిరగేసి, కొక్కెం దగ్గర గోటితో గీకి చూస్తూ అడిగింది...
"దగ్గర్నుంచి చూసినా తెలీదు కదా అన్నా? తోడికోడలి కూతురి పెళ్లి."

ఆ గొంతులో ఉన్నది షోకు కాదు. భయం.

అప్పట్నుంచీ ఫ్రెంచ్ రచయిత మొపాసా 'నెక్లెస్' కథే బుర్రలో తిరుగుతోంది. 1884 నాటిది.
పారిస్‌లో ఒక గుమాస్తా భార్య మటిల్డా. డబ్బున్న స్నేహితురాలి వజ్రాల నగ అరువు తెచ్చుకుని మంత్రిగారి విందుకెళ్తుంది. అది కాస్తా పోతుంది. ఉన్నదంతా ఊడ్చి, అప్పులు చేసి, 36,000 ఫ్రాంకులకి అలాంటిదే కొనిస్తారు. పదేళ్లు అంట్లు తోమి, నీళ్లు మోసి ఆ అప్పు తీరుస్తుంది.
తీరా చూస్తే అసలు నగే నకిలీది. మహా అయితే 500 ఫ్రాంకులు!

అందరూ దీన్ని 'ఆడదాని ఆశ' కథగా చెప్తుంటే నాకు ఒళ్లు మండుతుంది.

పూలు పెట్టుకెళ్లమంటాడు మొగుడు. రెండు మూడు గులాబీలు చాలంటాడు. డబ్బున్న ఆడవాళ్ల మధ్య బీదగా కనబడటాన్ని మించిన అవమానం లేదంటుందామె. ఆ అవమానం ఆమె కల్పించుకున్నదా? ఆ విందులో పూలతో వచ్చిన మనిషిని ఎవరు పలకరిస్తారు?

ఉన్నావిడ నకిలీ నగ పెట్టుకున్నా అడిగేవాళ్లుండరు. లేనావిడే కొక్కెం గీకి చూసుకోవాలి.

మన తెలుగు కథల్లో నగ కోసమో, పట్టుచీర కోసమో ఇలా నలిగిపోయిన మనిషి ఎవరైనా గుర్తొస్తే కామెంట్లో చెప్పండి. వెతుక్కుని చదువుతాను.