పెనుమూడి ఒడ్డున పండుగప్ప

రేపల్లె దాపున కృష్ణ కుడిగట్టున ఉన్న పెనుమూడిలో, అవతలి పులిగడ్డకు సాగే వంతెనను చూస్తూ చేపల భోజనానికి కూర్చున్నవారు, కంచంలోని ముక్కకూ ఎదుటి నీటికీ ఉన్న చుట్టరికాన్ని గుర్తించడం అరుదు. సముద్రం చేరువలోనే ఉండటం వల్ల ఆటుపోట్లు, అనగా కడలినీరు ఎగదన్ని మళ్లీ వెనుదిరిగే కదలిక, ఏటిలోకి ఉప్పదనాన్ని తెస్తాయి. మంచినీటిలో పెరిగి, గుడ్లు పెట్టడానికి నదీముఖపు ఉప్పునీటికి చేరే పండుగప్పకు ఇటువంటి కలగలుపు నీరే దారి. అది మొదట మగదిగా ఎదిగి, కొన్నేళ్లకు ఆడదిగా మారే జాతి కనుక, పెద్ద చేపే కావాలని పట్టుబట్టేవారు (పులుసుకు అదే రుచి అన్నది వేరే మాట) తరచుగా తినేది తల్లిచేపనే. పక్కన వడ్డించే రొయ్య కథ మరొకటి: 2009లో మన దేశంలో సాగుకు అనుమతి పొందిన వనామీ, లాటిన్ అమెరికాలోని పసిఫిక్ తీరం నుంచి వచ్చి, చెరువుల్లో మేతపై పెరిగే రకం. పండుగప్పను కూడా ఇప్పుడు చెరువుల్లో పెంచుతున్నారు కాబట్టి, ఆ గట్టున కూర్చునేవారు ముందుగా ‘ఏటిదా, చెరువుదా’ అని అడగడం మంచిది.