సున్నా బైట్లు

మా చిన్నాయనకు షాద్‌నగర్ బయట కోళ్ల షెడ్డు ఉంది. "ఇంజనీరింగు చదివినోన్ని ఇంట్ల పెట్టుకొని ఇంకా థర్మామీటరు చూసుడేందిరా" అని ఆయన అన్న పాపానికి ఒక రాస్ప్‌బెర్రీ పై తెచ్చి బిగించాను. అరచేతిలో పట్టే కంప్యూటరు. నిమిషానికోసారి షెడ్డులో వేడి చూస్తుంది, హద్దు దాటితే ఫాగర్లు ఆన్ చేస్తుంది. ఆయన దాన్ని "డబ్బ" అంటాడు.

మొన్న ఎండకాలంలో ఓ మధ్యాహ్నం కరెంటు రెండుమూడుసార్లు పోయొచ్చింది. డబ్బ లైటు వెలుగుతూనే ఉంది గానీ ఫాగర్లు కదల్లేదు. చిన్నాయన పెళ్లికి పోయాడు. సాయంత్రానికి నూటికి పైగా కోళ్లు చచ్చిపోయాయి. ఫోన్లో ఆయన నన్నేమీ అనలేదు. "డబ్బ మల్ల సోయిల లేదు బిడ్డా" అన్నాడంతే. తిట్టినా బాగుండేది.

డబ్బ అలా పడుకోవడం అది మూడోసారి. మొదటి రెండుసార్లూ నేనేం చేశానో చెప్తే నవ్వకండి. "మెమరీ కార్డు మంచిది కాదు చిన్నాయనా, కొత్తది కొను" అన్నాను. పాపం కొన్నాడు. కొత్త కార్డులో మళ్లీ అన్నీ ఎక్కిస్తే పనిచేసేది, కాబట్టి నా మాటే నిజమనుకున్నా..

ఈసారి కార్డు పీకి లాప్‌టాపులో పెట్టా. ఎఫ్ఎస్‌సీకే నడిపితే జర్నల్ తిరగేసి అంతా శుభ్రం అంది. కార్డు మొత్తం చదివించినా ఒక్క లోపం లేదు. హద్దులూ తాజా అంకెలూ ఉండే ఫైలు కూడా ఉంది. సైజు సున్నా బైట్లు! లేచిన ప్రతిసారీ నా ప్రోగ్రాం ఆ ఖాళీ ఫైలు చదవబోయి అక్కడే చస్తోంది.

అప్పుడు నా కోడు చూసుకున్నా. ఫైలు రాయడానికి తెరుస్తున్నాను (తెరవగానే పాతదంతా పోతుంది). ఆ తర్వాత తీరిగ్గా సెన్సరును అడుగుతున్నాను. అది మొండికేస్తే పది పదిహేను సెకన్లు. ఈఎక్స్‌టీ4 మామూలుగా 5 సెకన్లకోసారి తన పద్దు కార్డు మీదికి ఎక్కిస్తుంది. అంటే కొత్త అంకెలు పుట్టకముందే "ఈ ఫైలు ఖాళీ" అన్న మాట భద్రంగా కార్డుకెక్కుతోంది. అప్పుడు కరెంటు పోతే ఫైల్‌సిస్టం తప్పేముంది? నేను చెప్పిందే రాసుకుంది.

ఉబుంటులో ఈఎక్స్‌టీ4 కొత్తగా వచ్చిన 2009లోనూ ఇలాగే క్రాష్ తర్వాత ఫైళ్లు సున్నా బైట్లయి పెద్ద గొడవైంది. దాని ముఖ్య రచయిత టెడ్ సో, అప్లికేషన్లు ఎఫ్‌సింక్ వాడాలన్నాడు. అంటూనే 2.6.30 కెర్నెల్లో కొంత సర్దుబాటూ చేశాడు. కాలేజీలో ఆ వాదన చదివి నేను ఫైళ్లు పోగొట్టుకున్నవాళ్ల పక్షం కట్టాను లెండి.

ఇప్పుడు ముందు సెన్సరును అడిగి, పక్కన తాత్కాలిక ఫైల్లో రాసి, ఎఫ్‌సింక్ చేసి, ఆ తర్వాతే పేరు మార్చి పాతదాని చోట పెడుతున్నా. పాతదో కొత్తదో ఏదో ఒకటి మిగులుతుంది. ఫైలు చదవలేకపోతే ఫాగర్లు ఆన్‌లోనే ఉంటాయి. ఇది మొదటిరోజే పెట్టాల్సింది. ఇరవైసార్లు ప్లగ్గు పీకి చూశా, నిలబడింది.

అన్నట్టు, షాద్‌నగర్లోనే ఎన్ఆర్ఎస్‌సీ వాళ్ల పెద్ద పెద్ద యాంటెన్నాలున్నాయి. 1979 నుంచీ ఉపగ్రహాలు పంపే సమాచారం అక్కడ దిగుతోంది. అదే ఊళ్లో నేను పది పంక్తుల ఫైలొకటి కాపాడలేకపోయా.

పోయిన ఆదివారం చిన్నాయనకు చెప్పేశా, తప్పు కార్డుది కాదు, నాదేనని. ఆయన కాసేపు కోళ్ల వంక చూసి, "మరి ఆ రెండు కార్డులు మంచియేనా?" అన్నాడు. రెండూ పారెయ్యకుండ బీరువాల పెట్టిండట.