బాకీ పుస్తకం

ఉద్యోగం చేసే ఆడదానికి రెండిళ్ళు అంటారు గదా. హెడ్మిస్ట్రెస్‌కి మాత్రం ఒకటిన్నరేనండీ. బడి మొత్తం ఆవిడదే, ఇల్లు సగమే. మిగతా సగం అత్తగారిదో, పనిమనిషిదో, ఆ పూట ఎవరు దయతలిస్తే వాళ్ళది.

నేను రేపల్లె వైపు ఓ చిన్న టౌన్లో గవర్నమెంటు బాలికల హైస్కూల్లో పనిచేశాను. అప్పట్లో అది గుంటూరు జిల్లా, 2022 నుంచి బాపట్ల జిల్లా. మధ్యలో నాలుగేళ్ళు బదిలీ మీద వేరే చోటికి వెళ్ళినా మళ్ళీ అక్కడికే వచ్చిపడ్డాను. ఇన్నేళ్ళున్నా ఆ ఊళ్ళో నా పేరు ఎవరికీ తెలియదు. పాలవాడి పద్దులో, చాకలి లెక్కలో, శుభలేఖల మీద అంతటా "పెద్ద పంతులమ్మగారు" అనే. మావారు కోఆపరేటివ్ బ్యాంకులో పనిచేసేవారు. ఆయన్ని "పెద్ద పంతులమ్మగారి తాలూకు" అనేవాళ్ళు. మొదట్లో కాస్త మొహం ముడుచుకున్నా, ఆ హోదా మీద కూరగాయల బజార్లో రెండు వంకాయలు కొసరు పడుతున్నాయని గ్రహించి సర్దుకున్నారు.

ఆ కుర్చీ నాకు దక్కిన తీరు చెప్తే ఇప్పటివాళ్ళు నమ్మరు. 1983 ఫిబ్రవరిలో రాష్ట్ర ప్రభుత్వం రిటైర్మెంటు వయస్సుని 58 నుంచి ఒక్కసారిగా 55కి దించేసింది. మా పాత హెడ్మిస్ట్రెస్‌గారికి అప్పటికి 56. ఇంకా రెండేళ్ళుంది గదా, ఆ జీతంతో రెండో పిల్ల పెళ్ళి చేసేద్దామని లెక్కలు వేసుకున్న మనిషి, నెలాఖరుకల్లా తాళంచెవుల గుత్తి నా చేతిలో పెట్టింది. దండల్లేవు, సన్మానపత్రం లేదు. ఏ బీరువా తలుపు మొరాయిస్తుందో, ఏ గది కప్పు కురుస్తుందో చెప్పి, గుమ్మం దాకా వెళ్ళి మళ్ళీ వెనక్కొచ్చి, "పుట్టినతేదీ మాత్రం దిద్దకమ్మా. ఎవరొచ్చి కాళ్ళమీద పడ్డా దిద్దకు" అంది. తర్వాత ఆ వయస్సు మళ్ళీ 58 చేశారు గానీ, ఆపాటికి ఆవిడకి ఆ ముచ్చటా దాటిపోయింది.

పుట్టినతేదీ అంటే గుర్తొచ్చింది. మా అడ్మిషన్ రిజిస్టరు ప్రకారం ఆ టౌన్లో సగంమంది జూలై ఒకటో తారీఖునే పుట్టారు! తల్లి "గాలివాన వచ్చిన యేడు, కంది కోతలప్పుడు" అంటుంది. చేర్చుకునే పంతులుగారు వేళ్ళమీద లెక్కేసి జూలై ఒకటి అని రాసేస్తారు. నా సంగతీ అంతే. బళ్ళో చేర్చేటప్పుడు నాన్నగారు నన్నో యేడాది పెద్దదాన్ని చేశారు. అంచేత మా అమ్మ లెక్కన నాకు 57 నిండగానే, సర్కారువారి లెక్కన 58 నిండి 2002లో ఇంటికొచ్చాను. కానీ ఆడపిల్లల విషయంలో ఆ తేదీ నవ్వులాట కాదు. 1978లో చట్టం మార్చి పెళ్ళికి ఆడపిల్ల వయస్సు 18 చేశారు గదా. అప్పట్నించీ మాఘమాసం వస్తే చాలు, "ఓ మూడేళ్ళు ముందుకి జరపండమ్మా, మీ చేతిలో పనే గదా" అంటూ తండ్రులు వరసకట్టేవారు.

హెడ్మిస్ట్రెస్ అంటే పాఠాలు చెప్పే మనిషి అనుకుంటారు గానీ, నిజానికి లెక్కలు చూసుకునే మనిషి. ఇవాళ ఎవరు సెలవు చీటీ పంపారు, ఆ పీరియడుకి ఎవర్ని పంపాలి, జీతాల బిల్లు ట్రెజరీ నుంచి ఎందుకు తిరిగొచ్చింది, పదో తరగతి నామినల్ రోల్సులో ఇంటిపేరు ఎవరు తప్పు రాశారు... ఇదే సరిపోయేది. జనాభా లెక్కలకీ, ఎన్నికలకీ మా టీచర్లే. మార్చిలో పరీక్షలొస్తే ప్రశ్నపత్రాలు పోలీసుస్టేషన్లో, మా ప్రాణాలు మా గుప్పిట్లో!

వీటన్నిటికంటే నన్ను ఎక్కువ వేధించిన లెక్క ఇంకొకటుంది. ఆరో తరగతిలో మూడు సెక్షన్ల పిల్లలు చేరితే, తొమ్మిదికి వచ్చేసరికి ఒకటిన్నర సెక్షను మిగిలేది. కారణం ఎవరూ పైకి చెప్పరు. నేను చేరినప్పుడు ఆరువందలమంది పిల్లలకి రెండే దొడ్లు, అందులో ఒకదానికి తలుపు లేదు. పెద్దమనిషయిన పిల్ల ఏం చేస్తుంది చెప్పండి? పొద్దున్నించీ మంచినీళ్ళు తాగకుండా కూచుంటుంది. నెలకి నాలుగు రోజులు మానేస్తుంది. చివరికి మొత్తానికే మానేస్తుంది. పై అధికారులకి ఎన్ని కాయితాలు రాసినా "పరిశీలనలో ఉన్నది" అనే జవాబే వచ్చేది. ఆఖరికి ఓ రైసుమిల్లు యజమానిగారి భార్యని పట్టుకుని, ఆవిడచేత ఆయన్ని పట్టించి, ఇటుకలూ సిమెంటూ సంపాదించి, 1986లో నాలుగు దొడ్లు కట్టించాను. ప్రారంభోత్సవానికి పిలుద్దామంటే పెద్దమనుషులెవరూ ముందుకి రారే! రిబ్బను మా ఆయాచేత కత్తిరింపించాను. 2009లో వచ్చిన విద్యాహక్కు చట్టంలో ఆడపిల్లలకి వేరే మరుగుదొడ్లుండాలని రాశారని పేపర్లో చదివినప్పుడు, నాకు ఆ ఆయా మొహమే కళ్ళముందు కదిలింది.

ఇక ఇంటి సంగతి. మా అమ్మాయి నా బళ్ళోనే చదివింది, పాపం. దానికి ఇంట్లో "అమ్మా", బళ్ళో "మేడమ్". ఓ రాత్రి నిద్రలో దుప్పటి సర్దుతూ పేరుపెట్టి పిలిస్తే "ప్రెజెంట్ మేడమ్" అంది! మా అత్తగారు అదే అదనుగా వారం రోజులు ఆ ముక్కే వచ్చినవాళ్ళందరికీ చెప్పింది. ఏ మాటకామాటే చెప్పుకోవాలి, వంటిల్లు ఆవిడ మోసింది గనకే బడి నేను మొయ్యగలిగాను.

అలాంటి అత్తగారికి కూడా మింగుడుపడని పని నేనొకటి చేశాను. నలభై రెండో యేట సంగీతం క్లాసులో చేరాను. చిన్నప్పట్నించీ కోరిక. పుట్టింట్లో పాట అంటే పెళ్ళిచూపులకి పనికొచ్చేదాకానే. మా వీధి చివర ఓ సంగీతం మాస్టారు మంగళ, శుక్రవారాలు సాయంత్రం ఆరింటికి పిల్లలకి పాఠం చెప్పేవారు. వెళ్ళి అడిగితే ఆయన ఎగాదిగా చూసి "మీ అమ్మాయికా అండీ?" అన్నారు. "ఇప్పుడీ పాటలేమిటే, కచేరీలు చేస్తావా?" అంది మా అత్తగారు. కచేరీ సంగతి దేవుడెరుగు, వారంలో ఆ రెండు గంటలు నన్ను ఎవరూ ఏ సంతకమూ అడిగేవారు కాదు. అందుకే ఆ చాప మీద నాకంత హాయిగా ఉండేది.

నా పక్కన కూచునే పిల్ల మా బళ్ళో ఆరో తరగతి. మాయామాళవగౌళలో సరళీ స్వరాలు చెప్తుంటే, నేను తాళం తప్పినప్పుడల్లా నా మోకాలు మీద మెల్లిగా తట్టేది. మర్నాడు ప్రార్థనలో అదే పిల్ల నన్ను చూసి చేతులు కట్టుకుని నిలబడేది. మాస్టారు మాత్రం పెద్దా చిన్నా చూసేవారు కాదు. "ఏమ్మా, ఇంట్లో సాధన చేసినట్టు లేదే" అని అందరిముందూ అనేసేవారు. నేను తల వంచుకునేదాన్ని. ఏం చెప్పను, జీతాల బిల్లు అని చెప్పనా?

సరే, అసలు సంగతికొస్తాను. 1988 అక్టోబరులో ఓ కౌలురైతు వచ్చాడు. కూతురు పదో తరగతి. "సంబంధం కుదిరిందండీ, టీసీ ఇప్పించండి. పెళ్ళయ్యాక అక్కడే చదివిస్తారంట" అన్నాడు. ఆ "చదివిస్తారంట" అనే మాట నా సర్వీసులో ఎన్నిసార్లు విన్నానో, చదివించినవాళ్ళు ఎందరో, మీరే ఊహించుకోండి. పిల్లకి పదిహేనేళ్ళు. చట్టం ఇలా ఉందయ్యా అన్నాను. "మా ఇళ్ళల్లో అందరికీ అంతేనండీ" అన్నాడు మర్యాదగానే.

టీసీ ఇవ్వాలంటే ముందు బాకీలేవీ ఉండకూడదు. లైబ్రరీ చూసే తెలుగు టీచరు రిజిస్టరు తిరగేసి, "ఓ కథల పుస్తకం రావాలండీ" అంది. పిల్లని పిలిపించాను. "పోయిందండీ" అంది. పుస్తకం పోగొట్టుకున్న పిల్లల్ని చాలామందిని చూశాను. ఏడుస్తారు, వణుకుతారు, చెల్లెలి మీదికి తోసేస్తారు. ఈ పిల్ల ఏడవలేదు. తిన్నగా నా కళ్ళలోకే చూసింది. చేతిలో సంచీ మాత్రం వీపు వెనక్కి పెట్టుకుంది.

"ఖరీదెంతో చెప్పండి, కట్టేస్తా" అన్నాడు తండ్రి. నాలుగు రూపాయలు. "డబ్బు నాకెందుకయ్యా, పుస్తకం వెతికించు. దొరికాకనే టీసీ" అన్నాను. వారం తర్వాత మళ్ళీ వచ్చాడు, దొరకలేదన్నాడు. ఆ పై వారం చంకలో పొట్లంతో వచ్చాడు. తెనాలి వెళ్ళి కొనుక్కొచ్చాడట. విప్పితే కొత్త పుస్తకం. "అట్ట ఎర్రగా ఉంటుందని మా పిల్ల చెప్పిందండీ, ఇదేగా?" అన్నాడు. అది పచ్చళ్ళూ పిండివంటల పుస్తకం.

గదిలో గుమాస్తా ఉన్నాడు. నవ్వబోయి, నా మొహం చూసి ఆగిపోయాడు. ఆ మనిషి రైలు ఛార్జీ పెట్టుకుని, కూలి పోగొట్టుకుని వెళ్ళి, అంగట్లో అడగడానికి పేరు చెప్పలేక, రంగు చూసి తెచ్చాడు. కుర్చీలో కూచోబెట్టి కాఫీ తెప్పించాను. పుస్తకం తెరిచి, మాగాయ ఎలా పెట్టాలో రాసిన పేజీ చదివి వినిపించాను. "ఇదా అండీ ఇందులో ఉంది!" అని కాసేపు ఊరుకుని, "ఇది మా ఆడాళ్ళకి పనికొస్తది లెండి" అని మడిచి మళ్ళీ చంకలో పెట్టుకున్నాడు.

తర్వాత ఓ శుక్రవారం సాయంత్రం నన్ను వెతుక్కుంటూ ఇంటికెళ్ళాడు. మా అత్తగారు ఓపిక లేక మాస్టారింటి దారి చూపించింది. అతను గుమ్మంలోకి వచ్చేసరికి, పెద్ద పంతులమ్మగారు చాప మీద పదేళ్ళ పిల్లల మధ్య బాసింపట్టు వేసుకుని జంట స్వరాలు తప్పు పాడి మాస్టారిచేత చీవాట్లు తింటోంది! అతను చెప్పులు విప్పి ఓ వారగా నిలబడ్డాడు. పాఠం అయ్యాక బయటికొచ్చాను.

"మీరింకా చదూతున్నారా అమ్మా?" అన్నాడు.

"ఇంకా అవలేదయ్యా" అన్నాను.

టీసీ మాట ఆ రోజు ఎత్తలేదు. ఆ తర్వాతా రాలేదు. దానివల్లే అతని మనసు మారిందని నేను అనను. మార్గశిరం వెళ్ళి పుష్యమాసం వచ్చింది, ముహూర్తాల్లేవు. మగపెళ్ళివారు వేరే సంబంధం చూసుకున్నారని కూడా విన్నాను. మాఘం వచ్చేసరికి పిల్ల పరీక్షలు నెలరోజుల్లో ఉన్నాయి. 1989 మార్చిలో పరీక్ష రాసింది, పాసయింది. ఫస్టుక్లాసేమీ కాదు. ఆ పై వేసవిలో పెళ్ళి చేసేశారు. అప్పటికీ పద్దెనిమిది నిండలేదు. శుభలేఖ నాకూ వచ్చింది. నేను వెళ్ళలేదు.

2002లో ఛార్జి అప్పగించేటప్పుడు లైబ్రరీ స్టాకు సరిచూస్తే ఆ పుస్తకం లేదని తేలింది. నాలుగు రూపాయలు నేను కట్టి రసీదు తీసుకున్నాను. రిటైరయ్యాక చాలాకాలం పొద్దున తొమ్మిదీ నలభై అయ్యేసరికి నా కాళ్ళు వాటంతటవే గుమ్మం వైపు నడిచేవి. మా బళ్ళో వేపచెట్టుకి రైలుపట్టా ముక్క వేలాడేది, అదే గంట. ఇంట్లో గిన్నె కిందపడ్డా నాకు ఫస్టు బెల్లులాగే వినిపించేది.

2009లో కాబోలు, తెనాలి స్టేషన్లో రేపల్లె బండి కోసం కూచుని ఉంటే, ఎవరో వంగి కాళ్ళకి దణ్ణం పెట్టారు. ఆ పిల్లే. పిల్లేమిటి, పక్కన ఇంటర్ చదివే కూతురు. తను అంగన్‌వాడీ టీచరుగా చేస్తోందిట. పదో తరగతి సర్టిఫికెట్టు ఉందని తీసుకున్నారుట. "ఆయన పని అంతంతమాత్రం అండీ, దీంతోటే గడుస్తోంది" అంది. కూతురు మొహమాటంగా పక్కకి చూసింది.

"పుస్తకం ఉందండీ మా ఇంట్లో. తెచ్చివ్వమంటారా?" అంది మెల్లిగా.

"ఎందుకూ? ప్రభుత్వానికి నేను డబ్బు కట్టేశాను. అది ఇప్పుడు నాది. నీ దగ్గరే ఉండనీ" అన్నాను.

నవ్వింది. నవ్వి, "మా నాన్న పోయేదాకా చెప్పేవాడండీ, పెద్ద పంతులమ్మ చాప మీద కూచుని పాఠం చెప్పించుకుంటోందే అని. మీ పాట ఎందాకా వచ్చిందండీ?" అంది.

"మధ్యలో ఎన్నిసార్లు మానేశానో అమ్మా. వర్ణంలో ఉన్నాను. ముక్తాయి స్వరం దగ్గర ఆగిపోతోంది."

"ఒకసారి అనండి మరి" అంది, కూతురి భుజం మీద చెయ్యేసి. ప్లాట్‌ఫారం మీద అంతమంది జనం! ఇంతలో నా అదృష్టం బాగుండి రేపల్లె బండి వచ్చేసింది.