దారి పక్కనే నిలబడ్డ చెట్టు

నేను ఏ చెట్టు కోసం పెరూ వెళ్లానో, అది నాకు కనబడదని బయల్దేరకముందే తెలుసు. అది దొరికిన కోచా కాషు పరిశోధనా కేంద్రం మనూ జాతీయ పార్కులో బాగా లోపల ఉంది. అక్కడికి పరిశోధకులనే రానిస్తారు. నాలాంటి వాళ్లకు అనుమతి దానికి ఇవతల ఉన్న కోచా సాల్వడార్ సరస్సు వరకే. అయినా వెళ్లాను. శాస్త్రవేత్తలు నడిచే బాట పక్కనే నిలబడి కూడా ఒక చెట్టు దాదాపు అర్ధ శతాబ్దం పాటు ఎవరికీ అంతుచిక్కలేదంటే, ఆ అడవి ఎలాంటిదో చూడాలనిపించింది.

1973లో, అంటే ఆ పార్కు ఏర్పడిన ఏడాదే, రాబిన్ ఫోస్టర్ అనే అమెరికన్ వృక్ష శాస్త్రవేత్త అడవిలోంచి కేంద్రానికి తిరిగొస్తున్నారు. బాట పక్కన 20 అడుగుల చిన్న చెట్టు, దాని కొమ్మలకు కాగితపు ఆకాశదీపాల్లాంటి నారింజ రంగు కాయలు. ఫోస్టర్ ఒక్క చూపుతో చెట్టు ఏ కుటుంబానిదో చెప్పగల మనిషి. పనామాలోని బార్రో కొలరాడో దీవిలో 50 హెక్టార్ల అడవిని చెట్టు చెట్టునా లెక్కకెక్కించే పనిని ఆ తర్వాతి కాలంలో స్టీఫెన్ హబ్బెల్‌తో కలిసి మొదలుపెట్టింది ఆయనే. అలాంటి ఆయనకూ ఇది లొంగలేదు. ఒక లక్షణం ఒక కుటుంబం వైపు చూపిస్తే ఇంకోటి మరో కుటుంబం వైపు లాగింది. రెమ్మలు కోసి, ఆరబెట్టి దాచారు. ఆ తర్వాత ఎందరికి చూపించినా ఎవరూ తేల్చలేకపోయారు.

కుస్కో 3,400 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడ మెట్లెక్కితే ఆయాసం, రాత్రయితే ఎముకలు కొరికే చలి. వ్యాన్ ఎక్కి పావుకార్తాంబో ఊరు దాటి, అక్హనాకో కనుమ దాకా వెళ్తే అక్కడ పార్కు బోర్డు కనిపిస్తుంది. ఇటు ఎండిన గడ్డి కొండలు, అటు మేఘాలు. కనుమ దాటగానే రోడ్డు కిందికి దిగడం మొదలైంది. దిగేకొద్దీ ఒంటి మీంచి ఒక్కో స్వెటరూ సంచిలోకి చేరింది. రోడ్డు ఒక బస్సుకే సరిపోయేంత వెడల్పు. పక్కన లోయ. చెట్ల కొమ్మలన్నీ నాచుతో, సీతమ్మజడల్లా వేలాడే తీగలతో నిండిపోయి అసలు బెరడే కనబడదు.

ఈ కోస్నిపాతా లోయలోనే ట్రోచా ఉనియోన్ అనే పాత కాలిబాట ఉంది. అది ఇంకాల నాటిదంటారు. ఆ బాట మీద పరిశోధకులకు చాలా ఏళ్లు తలనొప్పి తెచ్చిన ఇంకో చెట్టుంది. 30 మీటర్ల దాకా పెరుగుతుంది. కోస్తే తెల్లటి పాలు కారతాయి. కెన్నెత్ వర్డాక్, విలియం ఫార్ఫాన్ రియోస్ కలిసి 2017లో దానికి ఇంకాడెండ్రాన్ అని పేరు పెట్టారు. అది మన ఆముదం కుటుంబానిదే. పైగా ఆ కొండ వాలులో అది అరుదైనదేమీ కాదు, మామూలుగా కనిపించేదే. పెద్దదీ, పదుగురి కంట పడేదీ అయినా పేరు రావడానికి అంతకాలం పట్టింది. ఇక 20 అడుగుల చెట్టు సంగతి చెప్పాలా అనుకున్నాను.

అతలయా రేవులో పడవెక్కాం. పొడవాటి చెక్క పడవ, మీద రేకు కప్పు, వెనక మోటారు. ఆల్టో మాద్రే దే దియోస్ నది అక్కడ ఇంకా కొండ నదే. రాళ్ల మీద పడవ అడుగు గీరుకుంటుంటే ముందు నిలబడ్డ కుర్రాడు గెడతో లోతు చూస్తూ చేత్తో సైగలు చేస్తున్నాడు. బోకా మనూ దగ్గర నీళ్ల రంగు మారింది. అక్కణ్నించి మనూ నదికి ఎదురెక్కాలి. బురద రంగు నీరు, ఇసుక తిన్నెల మీద ఎండ కాగుతున్న మొసళ్లు. లిమోనాల్ కాపలా ఠాణాలో పేరు, ఊరు రాయించుకుని లోపలికి వదిలారు.

కోచా సాల్వడార్ ఒకప్పుడు నదిలో భాగమే. నది దారి మార్చుకోగా మిగిలిపోయిన వంపు అది. అక్కడి నుంచి అడవిలోకి సన్నని బాటలున్నాయి. మా గైడు పిల్కోపాతా వాడు. దూరంగా ఉన్న కోతి గుంపును కేకను బట్టి పట్టగలడు. చెట్ల దగ్గర మాత్రం నెమ్మదిగా నడిచేవాడు. ఒకచోట ఆగి, రాలిన ఆకొకటి తీసి, నలిపి నా ముక్కు దగ్గర పెట్టాడు. ఘాటైన వెల్లుల్లి వాసన! ఆ చెట్టును అక్కడ ఆహోస్కిరో అంటారు. ఇంకోచోట నేల నుంచి మనిషెత్తున లేచిన వేళ్ల మీద నిలబడ్డ తాటి జాతి చెట్టు చూపించాడు. వేళ్ల నిండా ముళ్లు. అడవి మనుషులు దుంపలు తురుముకోవడానికి వాడతారట.

"పూలూ కాయలూ చేతికి దొరికే రోజులు తక్కువండీ. అవి ఎక్కడో పైన ఉంటాయి. ఆకు ఎలా అమరింది, బెరడు వాసనేంటి, పాలు కారతాయా అన్నవే మాకు దిక్కు" అన్నాడు. ఈ పద్ధతినే ఆల్విన్ జెంట్రీ అనే వృక్ష శాస్త్రవేత్త 1993లో లావుపాటి పుస్తకంగా రాశారు.

"ఈ బాట మీద మీకు తెలియని చెట్లెన్ని?" అని అడిగాను.

నవ్వాడు. "తెలిసినవి అడగండి, తొందరగా చెప్పేస్తాను."

ఫోస్టర్ చెట్టు ముడి విడింది ఈ అడవీ, షికాగోలోని ఫీల్డ్ మ్యూజియం కలిసి పనిచేసినప్పుడే. ఎండిన నమూనాల నుంచి డీఎన్ఏ తీయాలని చూస్తే కుదరలేదు. మనూ అడవిలో ఏళ్ల తరబడి పనిచేసిన పత్రీసియా ఆల్వారెస్ లోవాయ్సా తాజా నమూనా వెతికి సంపాదించారు. దాని డీఎన్ఏ ఫలితం పిక్రామ్నియేసీ అనే చిన్న కుటుంబం పేరు చెప్పింది. ఎవరూ ఊహించని జవాబది. ఆ కుటుంబంలో ఆరితేరిన వేట్ థామస్ కూడా నమూనా చూసి మొదట నమ్మలేకపోయారు. 2, 3 మిల్లీమీటర్ల పూలను శ్రద్ధగా పరీక్షించాకే పోలికలు బయటపడ్డాయి. 2021లో, దొరికిన 48 ఏళ్లకు, ఐనిగ్మానూ ఆల్వారెజియే అన్న పేరుతో అది శాస్త్రానికెక్కింది. కొత్త జాతే కాదు, ఏకంగా కొత్త ప్రజాతి. పేరు మొదటి సగంలో మనూ రహస్యం, రెండో సగంలో ఆ నమూనా తెచ్చినావిడ ఉన్నారు.

కొత్త జాతి అనగానే మనకు ఎవరూ అడుగుపెట్టని చీకటి అడవి గుర్తొస్తుంది. ఈ చెట్టు దారి పక్కనే ఉంది. కంటబడింది, రెమ్మ చేతికందింది, నిపుణుల బల్లల మీదికీ వెళ్లింది. అయినా ఎవరి బంధువో తేలేదాకా అది దొరకనట్టే లెక్క. ఆ తేల్చే పనికి అడవిలో తిరిగే కాళ్లూ కావాలి, భూతద్దం కింద పువ్వును గంటల తరబడి చూసే కళ్లూ కావాలి. ఇంకా పేరు పెట్టని పూల మొక్కల జాతులు దాదాపు 70 వేలు ఉండొచ్చనీ, అందులో సగానికి పైగా ఇప్పటికే ఎండిన మొక్కల నమూనాలు దాచే హెర్బేరియం బీరువాల్లో చేరి ఉంటాయనీ 2010లో వచ్చిన ఒక అధ్యయనం అంచనా.

కుస్కో తిరిగొచ్చాక మిగతావాళ్లు మాచు పిచ్చు రైలు టికెట్ల కోసం వెళ్లారు. నేను శాన్ ఆంటోనియో అబాద్ విశ్వవిద్యాలయం హెర్బేరియం ఎక్కడుందో కనుక్కునే పనిలో పడ్డాను. కుటుంబం తేలని నమూనాలను విడిగా కట్టి ఒక అరలో పెట్టడం హెర్బేరియాల్లో మామూలే. వాళ్లు ఒప్పుకుంటే ముందు ఆ అర చూపించమని అడగాలనుకున్నాను.