మేము కాపురమున్న యూళ్లు

స్త్రీకి ఊళ్లు మూడు విధములు. పుట్టినది యొకటి, మెట్టినది యొకటి, భర్త యుద్యోగమును బట్టి కాపురము పెట్టినవి కొన్ని. మొదటి రెండింటికిని ఇంటిపేరు, బంధువులు, పెండ్లిపిలుపులు సాక్ష్యముగ నుండును. మూడవ విధపు టూళ్లకు మన జ్ఞాపకము తప్ప వేరు సాక్ష్యము లేదు. బదిలీ యుత్తరువు వచ్చిన వారము దినములలో ఆ యింటి ముంగిట మరియొకరి ముగ్గు వెలయును.

మావారు ఉపాధ్యాయులగుటచే మాకిట్టి యూళ్లు నాలుగైనవి. అందు ఆలంపురమే మా మనసునకు మిక్కిలి దగ్గరిది. ఆ యూరిని గూర్చి మేము వ్రాసిన నాలుగు మాటలు చదివి, కర్నూలునుండి ఒక సోదరి మాకు లేఖ వ్రాసినది. ఆమె మాకన్న ఇరువదియేండ్లు పెద్ద. మేము అక్కయ్యా యని వ్రాయుదుము. ఆమె చెల్లీ యని వ్రాయును. ఇంతవరకు ఒకరినొకరము చూచుకొనలేదు. మేమిరువురము విడిచివచ్చిన యూళ్లే మాకు బాంధవ్యము.

ఆలంపురము తుంగభద్ర కెడమ యొడ్డున నున్నది. బాదామి చాళుక్యుల కాలమున, ఏడెనిమిది శతాబ్దములలో కట్టిన తొమ్మిది గుళ్లు అచ్చట కలవు. బాలబ్రహ్మ, స్వర్గబ్రహ్మ, తారకబ్రహ్మ మున్నగు పేర్లతో వానిని నవబ్రహ్మాలయములందురు గాని, తొమ్మిదియు శివాలయములే. జోగులాంబ కొలువైన క్రొత్త యాలయము 2005లో వెలసినది. మా యద్దెయింటి పెరటిలో బట్టలారవేయుచు తలయెత్తినచో శిఖరములు కనబడుచుండెను. సాయంకాలము పొరుగు స్త్రీలు అరుగులపై గూర్చుండి చింతపండు గింజలు తీయుచు మమ్మును పిలిచెడివారు. శ్రీశైల జలాశయపు నీరు ఊరిలోనికి రాకుండ కట్టిన కట్ట యొకటి అచ్చట నున్నది. పిల్లలతో దానిపై నడచుట మాకు వాడుక.

ఈ సంగతులు వ్రాయగా అక్కయ్య ఇట్లు ప్రత్యుత్తరమిచ్చినది: “చెల్లీ, ఆ కట్ట మీ యూరిని కాచినది. మా యూరికి కట్ట లేదు.”

ఆమె పుట్టినిల్లు నందికొట్కూరు తాలూకాలో కృష్ణయొడ్డున నుండిన చిన్నపల్లె. శ్రీశైలమున ఆనకట్ట లేచి, కృష్ణ వెనుకకు నిండినప్పుడు కర్నూలు, మహబూబునగరు జిల్లాలలో నూరుకు పైగా పల్లెలు మునిగినవి. ఆ జలాశయము నిండినచో నీటిమట్టము 885 అడుగులు. ఆ నీటివలన విద్యుత్తు పుట్టినది, దూరపు చేలు పండినవి, పట్టణములకు త్రాగునీరు చేరినది. మా యింట వెలిగెడి దీపములోను ఆ నీటి పాలు కొంత యుండవచ్చును. ఈ మాట తలచుకొనక అక్కయ్య లేఖను మేము చదువలేము.

1981లో ఇల్లు విడిచునాటికి ఆమెకు పదకొండవ యేడు. చవుడు పరచిన మట్టిమిద్దె, వెలుతురుకై దానిలో గవాచి, నడవలో నాపబండలు, వాకిట జొన్నల పాతర. తండ్రి వాకిలి తలుపులు, దూలములు ఊడదీసి బండికెత్తించెనట. తల్లి రోలు విడువనని పట్టుపట్టి దానినిగూడ ఎక్కించెనట. “పాతరను మాత్రము ఎవరు మోయగలరు?” అని అక్కయ్య వ్రాసినది.

కృష్ణాతుంగభద్రలు కలిసెడి కూడవెల్లిలోని సంగమేశ్వరాలయమును అప్పుడు రాతికి రాయిగ విప్పి, ఆలంపురమునకు తెచ్చి మరల నిలిపిరి. మేము పండుగ దినములలో ఆ గుడికి పోవుచుంటిమని వ్రాసితిమి. దానికామె వ్రాసిన మాట యిది: “దేవుని యింటిని విప్పినవారు మరల కూర్చిరి. సంతోషమే. మా యింటిని విప్పితిమి గాని కూర్చుటకు చోటు లేకపోయెను. తలుపు లొకయూర, దూలము లొకయూర అమ్ముడుపోయినవి.”

మునుగక తప్పని సంగమేశ్వరుడు మరియొకడున్నాడు. నేటి నంద్యాల జిల్లాలో, ఏడునదులు కలియునని ప్రసిద్ధి గన్న చోట, వేపమ్రాను లింగము గల యాలయమది. జలాశయము నిండినప్పుడు మునిగి, వేసవిలో నీరు తగ్గగా తేలును. తేలిన దినములలో పూజలు జరుగును. అక్కయ్య కూతురు ఆ దర్శనముతోపాటు అమ్మమ్మగారి యూరి చోటును చూతమని పట్టుపట్టినది. “విడిచిన యూళ్లకు మరల పోయివచ్చినదానవు నీవు. నన్ను పొమ్మందువా, మానుమందువా?” అని అక్కయ్య యడిగెను.

మేము 2020లో తుంగభద్రా పుష్కరములకు ఆలంపురము పోయినప్పుడు మా పాతయింటి తలుపు తట్టితిమి. ఇప్పటి యిల్లాలు లోనికి పిలిచి మజ్జిగ యిచ్చినది. తట్టుటకు తలుపున్న మా యనుభవము ఆమెకెట్లు వర్తించును? కావున పొమ్మనియు మానుమనియు వ్రాయలేదు. పోవుటకు ముందు ఆ యింటిని జ్ఞాపకమున్నంతవరకు కాగితముపై గీయుమని మాత్రము వ్రాసితిమి.

ఆమె గీసినది, పిదప పోయినది. అచ్చట బీటలువారిన యొండ్రుమట్టి తప్ప ఏమియు గుర్తుపట్టరాలేదట. “అమ్మా, మనయిల్లెక్కడ?” అని కూతురడుగగా చేయి చాపి చూపలేకపోయితినని వ్రాసినది. ఇంటికి వచ్చి రెండు దినములు ఎవరితోను మాటలాడలేదట. మూడవనాడు ఆ కాగితము తీసి, పాతర యెంత లోతో, గవాచి నుండి ఎండ ఏ వేళకు ఏ బండపై బడునో కూతురికి చెప్పి వ్రాయించినదట. దాని నకలు మాకును పంపినది. ఆ యింట మేమిప్పుడు కన్నులు మూసికొని నడువగలము.

ఆలంపురవాసులగు గడియారం రామకృష్ణశర్మగారు తమ జీవితమును ‘శతపత్రము’గ వ్రాసిరి. 2007లో దానికి సాహిత్య అకాడమీ పురస్కారము వచ్చినది. పండితులు వ్రాసిన గ్రంథములవలన ఊళ్ల చరిత్ర నిలుచును. వంటింటి గూడు, నీళ్లకుండ పెట్టిన మూల, పొరుగింటి పిన్నమ్మ పిలుపు ఏ గ్రంథమునకును ఎక్కవు. అవి తెలిసినవారు ఇంటిలోని పెద్ద స్త్రీలే.

సోదరీమణులారా! మీ యింట అత్తగారో, అమ్మమ్మయో ఉన్నచో ఈ నెలలో ఒకనాటి మధ్యాహ్నము వారి చెంత గూర్చుండి, వారు పుట్టిన యింటిని గీయించుకొనుడు. వాకిలి ఏ దిక్కున నుండెనో, బావి యెక్కడనో, చెట్టు ఏదియో అడుగుడు. తప్పులు పోయినను దిద్దవలదు. క్రింద ఊరిపేరు, వారి పేరు వ్రాసి, పెండ్లిచీరలు దాచిన పెట్టెలో దానిని భద్రపరుపుడు.