ఆగేది ఎప్పుడూ ఒకేచోటైతే

1993 నుంచీ తన సోర్సు కోడ్‌ని అందరికీ తెరిచి ఇస్తున్న ఫ్రీబీఎస్‌డీ గురించి పోయిన భాగంలో రాశాను కదా. చాలామంది తమ్ముళ్లు, చెల్లెళ్లు ఇన్‌బాక్సులో అడిగారు: "అన్నా, సోర్సు నుంచి బిల్డ్ చేస్తుంటే మధ్యలో ఆగిపోతోంది." స్క్రీన్‌షాట్లన్నిట్లో ఒకటే లైను. ఎర్రర్ కోడ్ 1, స్టాప్.

ఆ చివరి లైను తీర్పు మాత్రమే. కారణం పైన ఎక్కడో ఉంటుంది. 'మేక్ బిల్డ్‌వరల్డ్'కి 'జే 4' పెడితే నాలుగు పనులు ఒకేసారి నడుస్తాయి. ఒకటి పడిపోయినా మిగతావి కాసేపు రాస్తూనే ఉంటాయి, అసలు ఎర్రర్ వాటి మధ్య కలిసిపోతుంది. అందుకే అవుట్‌పుట్ మొత్తం ఒక ఫైల్లోకి పంపి, ఎర్రర్ మొదటిసారి ఎక్కడొచ్చిందో వెతకండి. దొరక్కపోతే 'జే' తీసేసి మళ్లీ నడపండి.

అసలు మొదలుపెట్టే ముందే సోర్సులో ఉండే 'అప్‌డేటింగ్' ఫైలు చదవండి. ఏ మార్పుకి ఏ జాగ్రత్త పడాలో తేదీలవారీగా ఉంటుంది. పాత బిల్డ్ తాలూకు ఆబ్జెక్ట్ ఫైళ్లు మిగిలుంటే తీసేయండి. 'కిల్డ్' అని వస్తే చాలావరకు మెమరీ చాలలేదనే. క్లాంగ్ కంపైలర్ కూడా ఆ సోర్సులో భాగమే, దాన్ని బిల్డ్ చేయడానికి ర్యామ్ బాగా కావాలి. 'జే' తగ్గించండి, స్వాప్ పెంచండి.

ఇక 'సిగ్నల్ 11'. అంటే కంపైలరే కూలిపోయింది. దీనికి పాతవాళ్ల పరీక్ష ఒకటుంది. ఏమీ మార్చకుండా మళ్లీ నడపండి. ఒక్కోసారి ఒక్కోచోట ఆగితే అనుమానం యంత్రం మీద: ర్యామ్, వేడి, పవర్ సప్లై. ప్రతిసారీ సరిగ్గా ఒకేచోట ఆగితే యంత్రాన్ని తిట్టకండి. సోర్సులోనో కంపైలర్‌లోనో వెతకండి.

ఈ పరీక్ష నాకెందుకు అంత ముఖ్యమో చెప్తాను. నేను చదివిన కాలేజీలో మా వాడల పిల్లలం రాతపరీక్ష దాటేవాళ్లం. వైవా దగ్గర ఆగేవాళ్లం. మా సీనియర్లు అక్కడే ఆగారు, మా జూనియర్లూ అక్కడే. "మెరిట్ లేదు" అన్నారు, అంటే మా ర్యామ్ బాగోలేదని. వేర్వేరు ఊళ్లు, వేర్వేరు తలలు, ఏటేటా ఒకే లైను దగ్గర ఎలా పాడవుతాయి? పేరు కనపడని పేపర్లో రాని తేడా, ఇంటిపేరు అడిగే గదిలోనే ఎందుకొస్తుంది?

కాబట్టి లాగ్ దాచండి. ఏ సబ్జెక్టు, రాతలో ఎంత, వైవాలో ఎంత, బ్యాచ్‌ల వారీగా రాసి పెట్టండి. ఒక్కడి కథ చెబితే "నీ ఖర్మ" అంటారు. పది బ్యాచ్‌ల లెక్క ముందు పెడితే ఆ మాట అనడం కష్టం.

వచ్చే భాగంలో కెర్నల్. జై భీమ్.