గండికోట ధాన్యాగారం

పామిడి, తాడిపత్రి మీదుగా అనంతపురం సీమను దాటిన పెన్నానది కడప జిల్లాలో ఎర్రమల కొండలను చీల్చుకొని పారే చోట గండికోట వెలసింది. అక్కడ జామియా మసీదుకు చేరువలోనే విశాలమైన ధాన్యాగారం ఉంది. కప్పు కమాను ఆకృతిలో ఉన్నందున దానికి కొయ్య దూలాలతో పని లేదు. బరువంతా గోడల మీదుగా నేలకు దిగుతుంది. వానలు నమ్మరాని ఈ మెట్టసీమలో గింజను కాపాడడమంటే ప్రాణాన్ని కాపాడడమే.

1876-78 నాటి కరువులో అంగట్లో ధాన్యం ఉన్నా, ధర పెరిగి పేదలకు అందక ఎందరో అసువులు బాశారు. హజ్రత్ యూసుఫ్ (అలైహిస్సలాం) సమృద్ధి గల ఏడేళ్లలో దాచిన ధాన్యాన్ని కరువు కాలంలో కొలిచి పంచారు. గండికోటకు వెళ్లే తల్లిదండ్రులు లోయతో పాటు ఈ ధాన్యాగారాన్నీ పిల్లలకు చూపాలి. ఆకలిగొన్నవారి కోసం తలుపు తెరచుకున్నప్పుడే నిండిన గాదెకు సార్థకత.